నల్లసముద్రం చేపల బల్ల మీద పిలెంగాస్‌ను గుర్తుపట్టడం ఎలా

జార్జియాలోని బటూమి చేపల మార్కెట్‌లో గానీ, టర్కీ నల్లసముద్ర తీరంలో ఏ ఊళ్లోనైనా గానీ ముల్లెట్ (మన కత్తిపరిగ కుటుంబం చేప) అడిగితే బుట్టలోంచి తీసి ఇచ్చే చేపలన్నీ ఒకే జాతివి కావు. అందులో నాలుగైదు ఆ సముద్రంలోనే పుట్టిపెరిగిన జాతులు. ఒకటి మాత్రం మనుషులు పని గట్టుకుని పసిఫిక్ తీరం నుంచి తెచ్చి వదిలింది. దాని పేరు పిలెంగాస్. శాస్త్రీయ నామం ప్లానిలైజా హిమాటోకైలా. జార్జియాలో మెడిసిన్ చదువుతూ సొంతంగా వండుకునే మన పిల్లలకీ, టర్కీ, బల్గేరియా, రొమేనియాల్లో ఉద్యోగాలు చేసుకునేవాళ్లకీ, ఊరికే చేపలంటే ఇష్టం ఉండి గాలం వేసేవాళ్లకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. చేపని చూసి ఇది ఏదో తేల్చుకోవడం, కోసి వండుకోవడం, చూసిన సంగతిని నలుగురికీ ఉపయోగపడేలా నమోదు చేయడం, ఈ మూడూ చెబుతాను. వంట సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే ముల్లెట్ పులుసు మనవాళ్లకి నేను నేర్పక్కర్లేదు.

ముందు ఈ చేప అక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకోండి. అది తెలిస్తే దాన్ని ఎక్కడ, ఏ కాలంలో వెతకాలో దానంతటదే అర్థమవుతుంది.

పిలెంగాస్ సొంత ఇలాకా వాయవ్య పసిఫిక్. రష్యా తూర్పు కొసన అమూర్ నది సముద్రంలో కలిసే చోటు నుంచి జపాన్ సముద్రం, కొరియా, పసుపు సముద్రం మీదుగా చైనా తీరం దాకా ఉంటుంది. అక్కడి నుంచి, దీన్ని తెచ్చి వదిలిన అజోవ్ సముద్రానికి (నల్లసముద్రానికి ఉత్తరాన ఆనుకుని ఉండే చిన్న సముద్రం) తిన్నగా గీత గీస్తే సుమారు 7 వేల కిలోమీటర్లు. మధ్యలో మొత్తం ఆసియా ఖండం. ఏ చేపా తనంతట తాను ఈదుకుంటూ రాలేని దూరం.

సోవియట్ ప్రభుత్వం దీన్ని అక్కడికి ఎందుకు తెచ్చిందంటే, అజోవ్ సముద్రం అప్పటికే కష్టాల్లో ఉంది. అది సగటున 7 మీటర్లు, బాగా లోతైన చోట కూడా 14 మీటర్లు మాత్రమే ఉండే సముద్రం. డాన్, కుబాన్ నదుల మంచినీళ్లే దానికి ప్రాణం. 1952లో డాన్ మీద త్సిమ్ల్యాన్స్క్ డ్యామ్ వచ్చింది, 1970ల్లో కుబాన్ మీద క్రస్నోదార్ రిజర్వాయర్ వచ్చింది. నదుల నీళ్లు తగ్గాయి, సముద్రంలో ఉప్పు పెరిగింది, స్టర్జన్ లాంటి విలువైన చేపల పట్టు పడిపోయింది. అడుగున మాత్రం కుళ్లిన ఆకూ అలమూ, నాచూ, సూక్ష్మజీవులూ కలిసిన మెత్తటి బురద బోలెడంత ఉంది. దాన్ని తిని మాంసంగా మార్చగలిగే చేప కావాలనుకున్నారు. ఆ పని ముల్లెట్లకి బాగా తెలుసు. కానీ స్థానిక ముల్లెట్లు చలికి ఆగలేవు, శరత్కాలం రాగానే కెర్చ్ జలసంధి దాటి నల్లసముద్రంలోకి వెళ్లిపోతాయి. పిలెంగాస్ అలా కాదు. గడ్డకట్టే చలికాలాన్ని నదీముఖాల్లో, లోతు గుంటల్లో దాక్కుని గడిపేస్తుంది. అదీ అధికారుల లెక్క.

వాళ్లకి ముల్లెట్లను ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి తరలించిన అనుభవం అప్పటికే ఉంది కూడా. 1930 నుంచి 1934 మధ్య నల్లసముద్రం నుంచి రెండు జాతుల ముల్లెట్ పిల్లల్ని కాస్పియన్ సముద్రంలో వదిలితే అవి అక్కడ స్థిరపడిపోయాయి, ఇప్పటికీ ఇరాన్ తీరంలో వాటిని పట్టి అమ్ముతున్నారు. అదే ధైర్యంతో 1970ల్లో, 80ల్లో వ్లాదివోస్తోక్ దగ్గరి తీరం నుంచి పిలెంగాస్ పిల్లల్ని పట్టుకొచ్చి అజోవ్ పక్కనున్న ఉప్పుటేర్లలో, ముఖ్యంగా మొలోచ్నీ అనే ఉప్పునీటి సరస్సులో పెంచి వదిలారు. 1980ల్లో అవి అక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని చేశాయి. 1990లకల్లా వలల్లో పడే ప్రధానమైన చేపల్లో ఒకటయ్యాయి.

అజోవ్‌లో నిలదొక్కుకున్న చేప అక్కడితో ఆగలేదు. కెర్చ్ జలసంధి దాటి నల్లసముద్రంలోకి దిగింది, ఉక్రెయిన్, రష్యా, జార్జియా, టర్కీ, బల్గేరియా, రొమేనియా తీరాలన్నీ చుట్టేసింది. నల్లసముద్రంలో ఒడ్డు వెంబడి సాగే పెద్ద ప్రవాహం గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. బాస్ఫరస్ జలసంధిలో పైనీళ్లు నల్లసముద్రం నుంచి మర్మరా సముద్రం వైపు పారతాయి, డార్డనెల్స్ జలసంధిలో పైనీళ్లు మర్మరా నుంచి మధ్యధరాలో భాగమైన ఏజియన్ సముద్రం వైపు పారతాయి. పైన తేలే గుడ్లకీ పిల్లలకీ ఇది దిగువకి నడిచే దారి. 1998లో టర్కీ ఏజియన్ తీరంలోని ఇజ్మీర్ దగ్గర హోమా ఉప్పునీటి సరస్సులో దొరికినట్టు టర్కీ పరిశోధకులు ప్రచురించారు, 2000లో గ్రీసు వైపు నుంచి కూడా అదే కబురు వచ్చింది. అంటే మధ్యధరా చేరింది.

ఈ ప్రయాణంలో నన్ను బాగా ఆశ్చర్యపరిచేది ఉప్పు సంగతి. జపాన్ సముద్రంలో లీటరు నీటికి దాదాపు 34 గ్రాముల ఉప్పు ఉంటుంది. అజోవ్‌లో పది నుంచి పదిహేను. నల్లసముద్రం పైనీళ్లలో 17, 18. ఏజియన్‌లో 38కి పైన. ఇంత తేడాను తట్టుకునే చేప నదిలోకీ ఎక్కేస్తుంది, సముద్రంలోకీ దిగిపోతుంది. అందుకే దీన్ని వెతకాలంటే నది సముద్రంలో కలిసే చోటు, సరస్సుకీ సముద్రానికీ మధ్య ఉండే గండి, రేవు లోపలి నిలవ నీళ్లు, ముందు ఇవి చూడండి. గుడ్లు పెట్టే కాలం అజోవ్ వైపు మే, జూన్ నెలలు. చలికాలంలో అయితే నదీముఖాల దగ్గర లోతు గుంటల్లో గుంపుగా ఉంటాయి.

ఇక గుర్తుపట్టడం. ఒకే ఒక్క గుర్తు చూసి తేల్చేయకండి. ముల్లెట్లన్నీ దూరం నుంచి ఒకేలా ఉంటాయి. వెండి రంగు, వెడల్పు తల, వీపు మీద దూరదూరంగా రెండు రెక్కలు, ఒంటి పొడుగునా సన్నటి ముదురు చారలు. చారలు చూసి పిలెంగాస్ అనుకునేవాళ్లు చాలామంది. గ్రే ముల్లెట్‌కీ అవే చారలు ఉంటాయి. గ్రే ముల్లెట్ అంటే మన తీరంలో కొన్నిచోట్ల కత్తిపరిగ అనే చేపే, అది నల్లసముద్రంలోనూ ఉంది, కాబట్టి మనవాళ్లు ముందు దానితోనే పొరబడతారు. పొలుసుల లెక్కతో కూడా తేలదు, రెండింటి లెక్కా దాదాపు ఒకచోటే పడుతుంది.

కన్ను దగ్గర మొదలుపెట్టండి. తాజా పిలెంగాస్ కంటిపాప చుట్టూ ఉండే వలయం పసుపు కలిసిన నారింజ రంగులో ఉంటుంది, వెలుతురులోకి తిప్పితే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పాత చేపల్లో ఈ రంగు మాసిపోతుంది కాబట్టి ఐసులో రెండు రోజులు పడి ఉన్నదాన్ని చూసి లేదనుకోకండి. రంగు కంటే గట్టి గుర్తు ఇంకోటుంది. గ్రే ముల్లెట్ కంటి మీద ముందు నుంచీ వెనక నుంచీ జిగురుగా, పారదర్శకంగా ఒక మందపాటి పొర కప్పుకొచ్చి, కంటిపాప దగ్గర నిలువుగా సన్నటి చీలిక మాత్రమే వదులుతుంది. వేలి చివరతో కంటి అంచు నుంచి మెల్లగా తోయండి, గ్రే ముల్లెట్ అయితే గోరు కింద మెత్తటి జెల్లీ మడత తగులుతుంది. పిలెంగాస్‌కి ఆ పొర పేరుకి మాత్రమే, కంటి అంచున సన్నగా ఉంటుంది. కన్ను బోసిగా, గుండ్రంగా, పూర్తిగా తెరిచినట్టు కనిపిస్తుంది. అమ్మేవాళ్లు చేప కన్ను నొక్కితే తాజాదనం చూస్తున్నారనే అనుకుంటారు, కాబట్టి మొహమాటపడక్కర్లేదు.

తర్వాత నోరు మూసి పక్క నుంచి చూడండి. పిలెంగాస్‌లో పై దవడ ఎముక చివర కిందికి వంగి, నోటి మూల కింద కాస్త బయటికి కనబడుతుంది. గ్రే ముల్లెట్‌లో నోరు మూస్తే అది లోపల దాక్కుంటుంది. పెదవి ఎర్రగా ఉందా అని చూసి టైం వృథా చేయకండి. ఇంగ్లిష్‌లో దీన్ని రెడ్‌లిప్ అంటారు గానీ బల్ల మీద చచ్చి పడున్న చేపలో ఆ ఎరుపు ఉండొచ్చు, లేకపోవచ్చు.

గ్రే ముల్లెట్ కాదని తేలాక మిగతా స్థానిక జాతుల్ని ఒక్కొక్కటిగా పక్కన పెట్టాలి. మొప్ప మూత చూడండి. అక్కడ మెరిసే ఒకే ఒక బంగారు మచ్చ ఉంటే అది గోల్డెన్ ముల్లెట్. దాని ఛాతీ రెక్కను ముందుకి మడిస్తే కంటిని అందుకుంటుంది కూడా. మొప్ప మూత మీద బంగారు గీతలు రెండు మూడు ఉండి, ముట్టె సన్నగా మొనదేలి ఉంటే అది లీపింగ్ ముల్లెట్. పై పెదవి బాగా దళసరిగా ఉండి దాని మీద చిన్న చిన్న బుడిపెలు వరసగా ఉంటే థిక్‌లిప్ ముల్లెట్. ఛాతీ రెక్క మొదట్లో పైభాగాన నల్లటి మచ్చ ఉంటే థిన్‌లిప్ ముల్లెట్ కావచ్చు, గ్రే ముల్లెట్‌కీ అక్కడే ముదురు నీలం మచ్చ ఉంటుంది. ఇవేవీ లేకుండా, కన్ను బోసిగా, నారింజ వలయంతో, తల పైన వెడల్పుగా బల్లపరుపుగా, పొలుసులు పెద్దవిగా ఉంటే అప్పుడు పిలెంగాస్ అని ఒక నిర్ణయానికి రండి. సైజు కూడా సాయపడుతుంది. ఇది 80 సెంటీమీటర్ల దాకా పెరిగే చేప, మిగతా చిన్న ముల్లెట్ల మధ్య భారీగా కనబడుతుంది. కానీ పెద్దదైనంత మాత్రాన పిలెంగాస్ కాదు, గ్రే ముల్లెట్ కూడా అంతే పెరుగుతుంది.

అమ్మేవాళ్లని అడగడం మంచిదే. రష్యన్, ఉక్రేనియన్ మాట్లాడే చోట పిలెంగాస్ అనే అడగండి, టర్కీలో రుస్ కెఫాలి అంటే చాలామందికి తెలుసు. ఎక్కడ పట్టారో, సముద్రంలోనా నదీముఖంలోనా, ఏ వలతో పట్టారో అడగండి. పేరు విషయంలో మాత్రం వాళ్ల మాటని చివరి మాటగా తీసుకోకండి. వాళ్లు అబద్ధమాడతారని కాదు, బుట్టలో అన్నీ కలిసిపోయి ఉంటాయి, రేటు ఒకటే అయితే విడదీసే పని వాళ్లకెందుకు?

కొన్నాక కోసేటప్పుడు రెండు సంగతులు గమనించండి. ముల్లెట్లు అడుగు బురదని జల్లెడ పట్టి తింటాయి కాబట్టి పేగు చాలా పొడుగ్గా, చుట్టలు చుట్టలుగా ఉంటుంది, దాన్నిండా బూడిద రంగు ముద్ద ఉంటుంది. కత్తి లోతుగా దించితే పేగు తెగి ఆ బురద మాంసానికి అంటుతుంది, తర్వాత ఎంత కడిగినా వాసన పోదు. కొనని పైపైనే నడిపించి పొట్ట తెరవండి. పేగులతోపాటు కోడి కందనకాయ లాంటి గట్టి కండ ఒకటి చేతికొస్తుంది, అది దాని కడుపు, ఇసుకతో కలిపి తిండిని నూరే భాగం. రెండోది, పొట్ట గోడకి లోపల అంటుకున్న నల్లటి పొర. అది చేదు, వాసన. గుడ్డతో పట్టి రుద్ది మొత్తం తీసేయండి, వెన్నెముక వెంట ఉండే నెత్తురు చారని కూడా గోటితో గీకేయండి. తర్వాత కల్లుప్పు, నిమ్మరసం పట్టించి కాసేపు ఉంచి కడిగితే సరిపోతుంది.

శరత్కాలంలో, చలికి ముందు, ఈ చేప కొవ్వు పట్టి ఉంటుంది, అప్పుడు రుచి. మాంసం గట్టిది, పులుసులో ముక్క విరగదు. చింతపండు దొరక్కపోతే జార్జియాలో పుల్లటి ప్లమ్ పండ్లతో చేసే త్కెమలి అనే పచ్చడి వేసుకోవచ్చు, మరీ ఎక్కువ వేస్తే వెల్లుల్లి, కొత్తిమీర వాసన మన మసాలాని మింగేస్తుంది. పచ్చిగా, సగం ఉడికించి మాత్రం తినకండి. ముల్లెట్ కండలో కంటికి కనబడని పరాన్నజీవుల పిల్లలు ఉండొచ్చు, అవి మనిషి పేగుల్లోకి చేరతాయి. ముక్క లోపలి దాకా ఉడకాలి.

పరాన్నజీవుల మాట వచ్చింది కాబట్టి, ఈ మొత్తం కథలో నాకు ముఖ్యమనిపించేది చెబుతాను. చేపని తెచ్చినవాళ్లు ఒక్క చేపనే తెచ్చామనుకున్నారు. దాని మొప్పలకి అంటుకుని లిగోఫోరస్ అనే ప్రజాతికి చెందిన చిన్న పురుగులు కూడా పసిఫిక్ నుంచి వచ్చేశాయి. వాటిలో ఒక జాతిని శాస్త్రవేత్తలు 2004లో గుర్తించి లిగోఫోరస్ పిలెంగాస్ అనే పేరే పెట్టారు. మొప్ప మూత ఎత్తి, ఎర్రటి పీచుల మధ్య భూతద్దంతో వెతికితే తెల్లగా, మిల్లీమీటరు కంటే చిన్నగా కదిలే చుక్కలు కనబడొచ్చు. అది ఏ జాతో మైక్రోస్కోప్ లేకుండా తేలదు, కానీ బతికున్న చేపని ఒక నీటి నుంచి ఇంకో నీటికి మోసుకెళ్తే వెంట ఏమేం వెళ్తాయో అర్థం చేసుకోవడానికి ఆ చుక్కలు చాలు.

అందుకే గాలం వేసేవాళ్లని గట్టిగా అడుగుతున్నాను. బతికున్న పిలెంగాస్‌ని ఎరగా గానీ, చెరువులో పెంచుదామని గానీ ఇంకో చోటికి తీసుకెళ్లకండి. బకెట్‌లో మిగిలిన నీళ్లు కూడా పట్టిన చోటే పారబోయండి. మన దగ్గర ఆక్వేరియంల నుంచి బయటపడిన దెయ్యం చేప ఆంధ్రా చెరువుల్లో, నదుల్లో వలలు చింపుతూ రైతుల్నీ జాలర్లనీ ఎంత ఏడిపిస్తోందో తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పిలెంగాస్ వల్ల అజోవ్ జాలర్లకి కొన్నేళ్లు మంచి కూడు దొరికింది, దాన్ని కాదనను. అయితే స్థానిక ముల్లెట్లు తినే బురదే ఇదీ తింటుంది, అవి తిరిగే నీళ్లలోనే తిరుగుతుంది, ఇప్పుడు వద్దనుకున్నా వెనక్కి తీసే దారి లేదు. ఒక ప్రభుత్వం ఒక సముద్రం కోసం తీసుకున్న నిర్ణయం అర డజను దేశాల తీరాలకి వర్తించింది, వాళ్లలో ఎవరినీ అడగలేదు. నాకు అభ్యంతరం అక్కడే.

ఇక నమోదు సంగతి. మీరు చూసినదానికి విలువ రావాలంటే ఫోటో ఒకటి సరిపోదు. చేపని తడిగుడ్డ మీద ఎడమ పక్క పైకి ఉండేలా పడుకోబెట్టి, రెక్కలు విప్పి, పక్కన స్కేలు పెట్టి మొత్తం ఒంటిని తీయండి. తర్వాత కన్ను దగ్గరగా, ఫ్లాష్ లేకుండా. ఫ్లాష్ వేస్తే కంటి మీది పొర కనబడదు, వలయం రంగు కూడా తెల్లబోతుంది. తర్వాత మూసిన నోరు పక్క నుంచి, తల పై నుంచి, మొప్ప మూత, ఛాతీ రెక్క మొదలు. ఈ ఆరూ ఉంటే ఎక్కడో ఉన్న నిపుణుడు కూడా తేల్చగలడు. తేదీ, పట్టిన చోటు, పొడుగు, బరువు, నీళ్లు ఉప్పగా ఉన్నాయా చప్పగా ఉన్నాయా రాసుకోండి. మార్కెట్‌లో చూసిందైతే మార్కెట్ అనే రాయండి, పట్టిన చోటని ఊహించి రాయకండి. లారీల్లో చేప ఎంత దూరమైనా వస్తుంది, ఆ ఒక్క తప్పుతో మ్యాప్ మీద చేప లేని చోట చుక్క పడుతుంది. జీవజాతుల ఫోటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే ప్రపంచంలో ఎవరైనా చూసి సరిచేస్తారు.

పాత రికార్డులు వెతికేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఈ చేప పేరు చాలాసార్లు మారింది. 1845లో టెమ్మింక్, ష్లెగెల్ ముగిల్ హిమాటోకైలస్ అన్నారు, 1855లో బసిలెవ్‌స్కీ ముగిల్ సో-యుయ్ అన్నాడు, తర్వాత లైజా అయింది, కెలాన్ అయింది, ఇప్పుడు ప్లానిలైజా. టర్కీ, గ్రీసుల్లో మొదట దొరికినప్పటి వ్యాసాలన్నీ ముగిల్ సో-యుయ్ పేరుతోనే ఉన్నాయి. ఒక్క కొత్త పేరుతోనే వెతికి, ఆ దేశంలో ఈ చేప ఈ మధ్యే వచ్చిందని తేల్చేసేవాళ్లని చూశాను. అన్ని పేర్లతోనూ వెతకండి.

ఇంకోటి, ఒక చోట ఒక పెద్ద చేప దొరికితే అది అక్కడ కాపురం పెట్టిందని అర్థం కాదు, దారి తప్పి వచ్చిందీ కావచ్చు. స్థిరపడిందని చెప్పాలంటే వేర్వేరు వయసుల చేపలు కావాలి, గుడ్లతో నిండిన ఆడచేపలు కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా అక్కడే పుట్టిన పిల్లలు కావాలి. వయసు కోసం ఛాతీ రెక్క వెనక నుంచి నాలుగైదు పొలుసులు పీకి, కాగితం కవర్‌లో ఆరబెట్టి దాచండి, వాటి మీది వలయాలు లెక్కపెట్టేవాళ్లు ఉంటారు. ఆడచేప పొట్ట కోసినప్పుడు గుడ్ల సంచిని కూడా ఫోటో తీయండి, తేదీ మర్చిపోవద్దు. ఎండాకాలం చివర, శరత్కాలం మొదట్లో గండ్ల దగ్గర లోతు లేని నీళ్లలో వేలెడంత ముల్లెట్ పిల్లలు గుంపులుగా తిరుగుతాయి. ఆ సైజులో కన్ను, పెదవి చూసి జాతి చెప్పడం నిపుణులకే కష్టం. చట్టం ఒప్పుకునే చోట పట్టిన ఒకటి రెండు చచ్చిన పిల్లల్ని 95 శాతం ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేసి, పట్టిన చోటూ తేదీ పెన్సిల్‌తో రాసిన కాగితం ముక్కని సీసా లోపలే పెట్టి, దగ్గర్లోని సముద్ర పరిశోధన కేంద్రానికో, యూనివర్సిటీ జీవశాస్త్ర విభాగానికో అప్పగించండి. పెన్‌తో రాస్తే సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. మిగతాది డీఎన్‌ఏ పరీక్షలో వాళ్లు తేలుస్తారు.